జగిత్యాల కెమెరా

సిరిసిల్ల,
6 జనవరి 2025.

జలపతి మామకు సింధూజ నమస్కారం పెట్టి రాస్తున్నది.

ఇక్కడ అందరం బాగున్నాం. నాన్న మోకాలి నొప్పి ఎప్పటిలాగే వచ్చి పోతున్నది. మీకు ఫోన్ చేస్తే వినపడదు, వాట్సాప్‌లో పెడితే చూడరు. ఏం చేయాలని అమ్మను అడిగితే, "మీ మామకు కాయితం మీద రాయి. గట్లయితెనే మనిషి లెక్క చూస్తడు" అన్నది. అందుకని పోస్టాఫీసుకు వెళ్లి కవర్లు కొన్నాను. కౌంటర్‌లో ఆయన నన్ను రెండుసార్లు ఎగాదిగా చూశాడు.

విషయం ఏమిటంటే, నేను కెమెరా కొనాలనుకుంటున్నాను. లెన్సు తీసి మార్చుకునే రకం. మూడేళ్లుగా ఇక్కడ ల్యాబులో పెళ్లి ఆల్బములు డిజైన్ చేస్తున్నాను కదా, నెలకు ఇరవై పెళ్లిళ్లు నా కంప్యూటర్ మీదుగా పోతాయి. ఒకాయన తీసిన ప్రతి ఫోటోలో పెళ్లికొడుకు నెత్తిలోంచి ట్యూబ్‌లైట్ మొలుస్తుంది. ఇంకొకాయన పెళ్లికూతురి ముఖం ఒక్కటి తప్ప మండపమంతా స్పష్టంగా తీస్తాడు. వాటిని నేను తుడిచి, కత్తిరించి, రంగు సరిచేసి పంపితే ఆల్బమ్ మీద వాళ్ల పేరు పడుతుంది. ఈ మహానుభావులకంటే నేను బాగా తీయగలనని నమ్మకం కుదిరింది.

నాతో పాటు ల్యాబులో పనిచేసే అనూషకు ఫిబ్రవరి ఇరవైన పెళ్లి, చందుర్తిలో. "ఫోటోలు నువ్వే తియ్యాలె" అని ఇంట్లో అందరితో కొట్లాడి ఒప్పించింది. ఇది నా మొదటి పెళ్లి. బాగా వస్తే ల్యాబు మానేసి ఇదే పని పెట్టుకుంటాను. చెడిపోతే, ఆడపిల్ల ఫోటోగ్రాఫర్‌ను ఈ చుట్టుపక్కల ఎవరూ రెండోసారి పిలవరు.

వేణు అన్న మస్కట్ నుంచి నలభై ఐదు వేలు పంపాడు. మళ్లీ అడగొద్దని చెప్పే పంపాడు. ఈ డబ్బుకు మూడు దారులు కనపడుతున్నాయి. మిర్రర్‌లెస్ అనే అద్దం లేని కొత్త రకం కెమెరాను వాయిదాల మీద తేవడం, పాత రకంలోనే లెన్సుతో కలిపి డబ్బాలో వచ్చే కొత్తది కొనడం, లేదంటే ఎవరిదైనా వాడిన కెమెరా తీసుకుని మంచి లెన్సు వేసుకోవడం. ఏది మేలో చెప్పండి.

మీరు స్టూడియో మూశాక మీ కెమెరా అలమరలో ఊరికే ఉన్నదని అమ్మ అన్నది. అలాంటిది ఇప్పుడు కొంటే పనికివస్తుందా?

వసంత అత్తమ్మను అడిగినట్టు చెప్పండి.

మీ మేనకోడలు,
సింధూజ


కోరుట్ల,
11 జనవరి 2025.

కోడలు పిల్లకు జలపతి మామ దీవెనలు.

ఉత్తరం అందింది. చేతిరాత బాగుంది. మిగతాది చదివితే నవ్వొచ్చింది.

కోరుట్లలో ఇప్పుడు చాయ్ హోటళ్లకంటే కెమెరాలు ఎక్కువ. గల్ఫ్ నుంచి వచ్చినవాడు సెంటు సీసాలతో పాటు ఒక కెమెరా తెస్తాడు. నెలరోజులు మెడలో వేసుకుని తిరిగి, పోయేటప్పుడు తమ్ముడి చేతిలో పెట్టి పోతాడు. మర్నాటికి ఆ తమ్ముడు ఫోటోగ్రాఫర్. విజిటింగ్ కార్డు మీద డ్రోన్ బొమ్మ కూడా ఉంటుంది. లెన్సు మార్చే కెమెరాయే కావాలని పట్టుబట్టి కొన్నవాళ్లలో నూటికి తొంభై మంది డబ్బాలో వచ్చిన లెన్సును చచ్చేదాకా తీయరు. లోపలికి దుమ్ము పోతుందని భయం. మరి ఆ మార్చే సౌకర్యానికి డబ్బులు పోయడం ఎందుకు?

నీ మూడు దారులూ యూట్యూబులోవే కదా. ఆ చెప్పేవాడు జన్మలో ఒక పెళ్లి తీసి ఉండడు. ఇంట్లో పిల్లిని తీసి, దాని మీసాలు పెద్దవి చేసి చూపించి, కొనుక్కోండి అంటాడు. వాయిదాల కెమెరా కొంటే దాని వాయిదా తీర్చడానికే పెళ్లిళ్లు తీస్తావు. డబ్బా లెన్సు పట్టపగలు మామిడిచెట్టును తీయడానికి సరిపోతుంది, ఫంక్షన్ హాలు లైట్ల కింద ముఖాలు బొగ్గులాగా వస్తాయి.

ఇక నీ ఉత్తరంలో అసలు సంగతి ఆఖరున పెట్టావు. నా కెమెరా అలమరలో ఊరికే ఉందట. మా అక్క, నువ్వు కూడబలుక్కుని రాసిన ముక్క అది. నేను అడగలేదు అంటావు. అడగకుండానే అడగడం మీ ఇంటి పద్ధతి. మా బావ కూడా అంతే, నా స్కూటర్ బాగుందని మూడుసార్లు మెచ్చుకుని తీసుకుపోయాడు. నా కెమెరా ఇవ్వను. దాని ఊసు మళ్లీ ఎత్తకు.

నేను రాస్తుంటే వసంత పక్కనుంచి చదివింది. "పిల్ల ఒక్క ముచ్చట అడిగితె గట్ల ఎగవడ్తవేంది" అన్నట్టుంది. పెదవులు అలా కదిలాయి. నేను కాగితం వైపు తిరిగాను.

జలపతి


సిరిసిల్ల,
17 జనవరి 2025.

మామకు,

మీ కెమెరా నాకు వద్దు. ఉచితంగా ఇచ్చినా వద్దు. స్కూటర్ సంగతి నాన్నకు చదివి వినిపించాను. "గా స్కూటర్ నూకుడుకే నా మోకాలు పొయ్యింది" అన్నాడు. ఆ మాట మీకు చేరవేయమన్నాడు.

అమ్మ రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. తమ్ముడి కెమెరా మీద కన్నేసిందని అనిపించుకోవడం ఆమెకు కొత్త. మీరు మాటలు కాగితం మీద పెట్టి పంపుతారు, వినేవాళ్ల ముఖాలు మీకు కనపడవు. ఫోటోగ్రాఫర్‌కు ఇది పెద్ద లోపమే.

నేను కరీంనగర్ పోయి వచ్చాను. పెద్ద షాపు, ఏసీ. సేల్స్‌మన్ నన్ను చూసి, "మేడం, ఫోటోలు మీరు తీస్తరా, సార్ తీస్తరా?" అన్నాడు. సార్ లేడన్నాను. "అయితే రీల్సుకు" అని తనే తేల్చుకుని, గులాబీ రంగు కెమెరా ఒకటి తెచ్చి పెట్టాడు. రంగు తప్ప దాని గురించి ఏం అడిగినా లోపలికి వెళ్లి ఎవరినో కనుక్కుని వచ్చాడు. యాభై ఎం.ఎం. లెన్సు పెట్టి చూపించమంటే బిల్లు వేశాక డబ్బా విప్పుతారట. చేతిలో పట్టుకోని లెన్సును ఎలా కొంటారో నాకు తెలియదు. ఆ షాపు నిండా జనం కొంటూనే ఉన్నారు.

మీరు నా ప్రశ్నకు జవాబు మాత్రం ఇవ్వలేదు. మూడు దారులనూ తిట్టారు, నాలుగోది చూపలేదు. పెళ్లికి నెలే ఉంది. చెప్పడం ఇష్టం లేకపోతే లేదని ఒక్క ముక్క రాయండి, కవరు ఖర్చు మిగులుతుంది.

సింధూజ


కోరుట్ల,
22 జనవరి 2025.

కోడలు పిల్లకు,

కోపం బాగానే వచ్చింది. నువ్వు అడగలేదు, నేను ఇవ్వలేదు. అక్కను తినమని చెప్పు.

జవాబు కావాలన్నావు కదా, రాస్తున్నాను. ఇది చదివి నేను నిన్ను ప్రోత్సహిస్తున్నానని అనుకోకు. పెళ్లిళ్ల ఫోటోగ్రాఫర్‌కు ఈ జిల్లాలో దక్కే మర్యాద ఏమిటో నాకు తెలుసు. మండపం ఎక్కితే పంతులు విసుక్కుంటాడు, దిగితే పెళ్లికొడుకు మేనమామ విసుక్కుంటాడు. భోజనం దగ్గర మటన్ అయిపోయాక పిలుస్తారు.

నీ డబ్బుకు మూడో దారి ఒక్కటే. కెమెరా వాడినది తీసుకో, లెన్సు యాభైది తీసుకో. జనం కెమెరాకు డబ్బంతా పోసి ముందు లెన్సు బిగించడానికి ఏమీ మిగుల్చుకోరు. ఆ లెన్సు ముందుకూ వెనకకూ జరగదు. నువ్వే కాళ్లతో జరగాలి. ఈ కాలం పిల్లలకు అది చేతకాదు కనుకే చౌకగా దొరుకుతుంది.

కొనేముందు లెన్సు లోపలికి సెల్‌ఫోన్ టార్చి వేసి చూడు. సన్నటి తెల్లదారాల్లాంటివి కనపడితే అది బూజు, తిరిగి ఇచ్చెయ్. ఇప్పటిదాకా ఎన్ని ఫోటోలు తీసిందో అడుగు. అబద్ధమే చెప్తారు, అయినా అడుగు. ఇంకొకటి. వెనక అంతా మసకగా రావాలనే పిచ్చి మీ వయసువాళ్లకు ఉంది. లెన్సును పూర్తిగా తెరిచి గ్రూపు ఫోటో తీశావంటే ముందు వరుసే వస్తుంది. వెనక నిలబడ్డ ముసలావిడ మసకైపోతుంది, ఇంట్లో పెత్తనం ఆవిడదే అయి ఉంటుంది.

వాడినది కావాలంటే మళ్లీ కరీంనగరే వెళ్లు, లేకపోతే నిజామాబాద్. జగిత్యాల వైపు మాత్రం పోవద్దు. అక్కడున్నదంతా చచ్చిన సరుకు.

జలపతి


సిరిసిల్ల,
29 జనవరి 2025.

మామకు నమస్కారం.

ఈసారి మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. తిట్లు తీసేసి చూస్తే అందులో ఉన్న నాలుగు ముక్కలూ బంగారం. తిట్లు తీయడానికే సమయం పట్టింది.

కరీంనగర్‌లో వాడినవి రెండు చూశాను. ఒకదాని లెన్సులో టార్చి వేస్తే మీరు చెప్పిన తెల్లదారాలు కనపడ్డాయి. అది దుమ్మని, ఊదితే పోతుందని కొట్టాయన వాదించాడు. ఊదమన్నాను. ఊదాడు. పోలేదు. రెండోది నా డబ్బుకు అందలేదు.

నిన్న జగిత్యాల వెళ్లాను. వద్దన్నారు, కానీ ఎందుకు వద్దో రాయలేదు. మా ల్యాబు ఓనరు చెప్పిన చోటే, ముత్యం అనే ఆయన కొట్టు. ఆయన కాస్త నిదానం మనిషి. వాడిన కెమెరా ఒకటి చూపించాడు. యాభై లెన్సు దానితోనే ఉంది, లెన్సు శుభ్రంగా ఉంది. ఫ్లాష్ బిగించే చోట ఒక గీత, బ్యాటరీ మూత కొంచెం వదులు. మెడకు వేసుకునే పట్టీ కంపెనీది కాదు. నీలం జీన్స్ గుడ్డతో ఎవరో ఇంట్లో కుట్టారు, కుట్టు ఎంత నేర్పుగా ఉందో. చేతికి బరువు సరిగ్గా సరిపోయింది. పది ఫోటోలు తీసి చూశాను, పదీ వచ్చాయి. రంగులు నాకు బాగా నచ్చాయి. దీనికి పోను ఫ్లాష్‌కు, ఇంకో బ్యాటరీకి కూడా డబ్బు మిగులుతుంది.

"మంచి చెయ్యి వాడిన కెమెరా బిడ్డా, అమ్మినాయన పెద్ద ఫోటోగ్రాఫర్" అని ముత్యం అన్నాడు. పేరు చెప్పలేదు. పదో తేదీ దాకా ఎవరికీ ఇవ్వనన్నాడు.

మీ మాట కోసం ఆగుతున్నాను. తీసుకోనా?

అత్తమ్మకు నమస్కారం.

సింధూజ


కోరుట్ల,
3 ఫిబ్రవరి 2025.

సింధూజకు,

తీసుకోకు.

జగిత్యాల వద్దంటే జగిత్యాలకే పోయావు. పది ఫోటోలు తీసి, పదీ వచ్చాయని మురిసిపోయావు. పెళ్లంటే పది ఫోటోలా? పట్టీ కుట్టు బాగుందని అర పేజీ రాశావు. కెమెరా కొంటున్నావా, జాకెట్టు గుడ్డ కొంటున్నావా? రంగులు నచ్చాయట. ల్యాబులో కూర్చుని కంప్యూటర్‌లో రంగులు పూసేవాళ్లకు రంగులే కనపడతాయి.

ఆ ముత్యం పెద్ద ఫోటోగ్రాఫర్ అన్నాడట. వాడి దగ్గరికి వచ్చే కెమెరాలన్నీ పెద్ద ఫోటోగ్రాఫర్లవే. పెద్ద ఫోటోగ్రాఫర్ తన కెమెరాను ఎందుకు అమ్ముకుంటాడో అడగాలని నీకు తోచలేదు. ఆ రకం కెమెరా కాలం అయిపోయింది. దాన్ని మెడలో వేసుకుని పెళ్లికి పోతే నవ్వుతారు.

డబ్బా లెన్సుతో వచ్చే కొత్తది కొనుక్కో. లేదంటే అసలు మానుకుని ల్యాబులోనే ఉండు, నీడపట్టున పని. ఈ ఉత్తరం వాదించడానికి రాయలేదు. వద్దన్నాను, అంతే.

జలపతి


సిరిసిల్ల,
9 ఫిబ్రవరి 2025.

మామకు,

కొన్నాను.

డబ్బా లెన్సు మామిడిచెట్టుకు తప్ప దేనికీ పనికిరాదని జనవరిలో రాశారు. ఇప్పుడు అదే కొనమంటున్నారు. వాడినది కొనమని మీరే రాశారు, కొనబోతే పాతదని నవ్వుతారంటున్నారు. మీ రెండు ఉత్తరాలూ పక్కపక్కన పెట్టి అమ్మకు చదివి వినిపించాను. "ఆయినకు ఎవలు బాగుపడ్డా కడుపు మంటనే" అన్నది. సొంత తమ్ముడి గురించి ఆమె ఇలా అనడం నేను ఎన్నడూ వినలేదు.

నాకు ఇప్పుడు అర్థమైంది. మీకు ఏ కెమెరా నచ్చదు. యూట్యూబువాడు నచ్చడు, గల్ఫ్ తమ్ముడు నచ్చడు, ముత్యం నచ్చడు. మీ స్టూడియో మూతపడ్డాక ఇంకెవరూ ఫోటో తీయకూడదు. ముఖ్యంగా నేను. నీడపట్టున ఉండమన్న మాట మాత్రం మరిచిపోను.

పదకొండు రోజుల్లో పెళ్లి. రెండు రోజులుగా తెల్లవారి ఇంటి ముందు కూరగాయలవాళ్లను, స్కూలు పిల్లలను తీస్తున్నాను. అన్నీ బాగా వస్తున్నాయి. ఇక సలహాలు అడగను. మీరూ రాసి అలసిపోవద్దు.

సింధూజ


కోరుట్ల,
15 ఫిబ్రవరి 2025.

సింధూజకు మామ రాస్తున్నది.

నీ ఉత్తరం పన్నెండున అందింది. మూడు రోజులుగా రాస్తున్నాను, చింపుతున్నాను.

ఆ కెమెరా నాది. పట్టీ మీ అత్తమ్మ కుట్టింది, నా పాత ప్యాంటు గుడ్డతో. బ్యాటరీ మూత వదులు చేసింది నేను. అలమరలో ఏమీ లేదు. పోయిన దసరాకు ముందే దాన్ని ముత్యానికి అమ్మాను. వసంతకు కూడా తెలియదు, తాళంచెవి నా దగ్గరే ఉంటుంది. నీకు ఇవ్వనని అంత గట్టిగా రాసింది ఇవ్వడానికి లేక.

అది చెడిపోయిన కెమెరా. ఆగి ఆగి తీస్తే వందలు తీస్తుంది. ఆపకుండా వరసగా నొక్కితే నలభై దాటాక లోపల షట్టర్ పట్టేస్తుంది. బ్యాటరీ తీసి పది నిమిషాలు ఆగితే గాని వదలదు. పోయిన వేసవిలో మెట్‌పల్లి పెళ్లిలో అలాగే పట్టేసింది. గుంపు మీదుగా చేతులు పైకెత్తి తీస్తున్నాను. మామూలు మనిషికైతే చప్పుడు ఆగిపోయిందని తెలిసేది. నాకు తెలియలేదు. నొక్కుతూనే ఉన్నాను. పెళ్లికొడుకు తమ్ముడు వచ్చి భుజం తట్టి వేలితో చూపించాడు. చుట్టూ అందరూ నవ్వుతున్నారు. నవ్వు వినపడకపోయినా కనపడుతుంది. ఆ వారమే స్టూడియో మూశాను.

ముత్యానికి పది ఫోటోలు తీసి చూపించాను. ఎక్కువ తీయమని అతను అడగలేదు, నేను తీయలేదు. ముప్పై ఏళ్లు మోసగాళ్లను తిట్టి, ఆఖరుకు నేను చేసింది ఇది. నీ ఉత్తరంలో జీన్స్ పట్టీ అని చదవగానే తెలిసింది. అప్పుడే నిజం రాసి ఉంటే నువ్వు కొనేదానివి కాదు. నిజం రాయలేక మళ్లీ నిన్నే తిట్టాను. తిట్టడం నాకు సులువు.

కొన్నావు కనుక ఇది గుర్తుపెట్టుకో. జీలకర్ర బెల్లం పెట్టేటప్పుడు చేయి ఆపుకో, నాలుగైదు చాలు. తెర తీశాక కెమెరాను కాసేపు ఆపేసి చల్లారనివ్వు. పుస్తె కట్టే సమయానికి దాన్ని దాచుకో. ఇంకో కెమెరా ఎవరిదైనా అరువు దొరికితే పక్కన పెట్టుకో.

అక్కకు ఇది చదివి వినిపించకు. వినిపించినా ఏమీ అనను.

జలపతి


సిరిసిల్ల,
22 ఫిబ్రవరి 2025.

జలపతి మామకు,

మీ ఉత్తరం పంతొమ్మిది మధ్యాహ్నం వచ్చింది. నేను ఆ పొద్దునే మొదటి బస్సుకు చందుర్తి వెళ్లిపోయాను. అమ్మ దాన్ని టీవీ కింద పెట్టింది. నిన్న ఇంటికి వచ్చాక చదివాను.

జీలకర్ర బెల్లం పెట్టేటప్పుడు నేను చేయి ఆపుకోలేదు. మొదటి పెళ్లి కదా, ఆపకుండా నొక్కాను. తెర తీశారు, ఇద్దరి ముఖాలూ ఎంత బాగా వచ్చాయో. బాజా పెరిగింది. పెళ్లికొడుకు పుస్తె పట్టుకుని వంగాడు. నేను నొక్కాను. పడలేదు. మళ్లీ నొక్కాను. స్క్రీన్ మీద ఏదో తప్పని ఇంగ్లీషులో వచ్చింది. బ్యాటరీ తీసి పెట్టేలోపు మూడు ముళ్లూ పడ్డాయి. ఫోన్ తీసుకుని లేచేసరికి అక్షింతలు వేయడానికి జనం నా మీదికి వచ్చేశారు.

పెళ్లికొడుకు వాళ్లలో ఒకాయన, "ఇంకోసారి కట్టినట్టు చెయ్యిండ్రి, ఫోటోకు" అన్నాడు. అనూష నానమ్మ దేవవ్వ ఒప్పుకోలేదు. "పుస్తె ఒక్కపారే కడ్తరు. ఫోటో కోసం రెండోపారి కట్టిస్తమా?" అన్నది. ఆవిడ చెప్పింది సరైనదే. ఇంకొకాయన నేను వినాలనే, "ఆడివిల్లకు ఇచ్చిరి ఫోటోల పని, గిట్లనే ఐతది" అన్నాడు. 

పుస్తె ఫోటో ఉంది. అనూష చిన్నమ్మ ఫోన్‌లో తీసింది. సగం ఎవరిదో మోచేయి. ఆల్బములో అదే పెట్టాలి, డిజైన్ చేయాల్సింది నేనే. అనూష అప్పగింతల దాకా నా వైపు చూడలేదు.

మీరు కెమెరా అమ్ముకున్నందుకు నాకు కోపం లేదు. లోపం దాచి అమ్మినందుకు ముత్యానికి కోపం రావాలి. నాకు తెలియాల్సింది ఒకటే. పన్నెండున నా ఉత్తరం అందింది. అత్తమ్మ దగ్గర ఫోన్ ఉంది. "సింధూజకు ఫోన్ చేసి గా కెమెరా వద్దని చెప్పు" అని ఆమెతో ఏడు మాటలు అంటే అయిపోయేది. కానీ అప్పుడు అత్తమ్మకు తెలుస్తుంది. ఆమెకు తెలియకుండా ఉండడం కోసం మామూలు కవరులో పెట్టి, ఆదివారం ముందు రోజు డబ్బాలో వేశారు. నా పెళ్లి పని పోయినా ఫరవాలేదు, మీ అలమర తాళం పడి ఉండాలి.

జగిత్యాల వద్దన్నప్పుడు ఎందుకు నమ్మలేదని మీరు అడగవచ్చు. మీరు అన్నింటినీ ఒకే గొంతుతో తిడతారు మామా. అందులో ఏది నిజంగా ప్రమాదమో మాకు ఎలా తెలియాలి?

అమ్మకు మొత్తం చదివి వినిపించాను. కెమెరాను గుడ్డలో చుట్టి, మీకు బస్సులో పంపుతానని తీసుకున్నది. వినిపించినా ఏమీ అననని మీరే రాశారు కదా.

సింధూజ


కోరుట్ల,
28 ఫిబ్రవరి 2025.

సింధూజకు,

నీ ఉత్తరం వసంత చేతిలో పెట్టాను. నాది కూడా మళ్లీ రాసి చూపించాను. అలమర తెరిచి ఖాళీ అరను చూపించాను. ఆమె ఆ అరలో చేయి పెట్టి మూలదాకా తడిమి చూసింది. ఆ రోజంతా నాతో మాట్లాడలేదు. మాట్లాడినా వినపడదు గాని, ఎదురుగా వచ్చి నిలబడలేదు.

మర్నాడు ఇద్దరం జగిత్యాల వెళ్లాం. మా అక్క అప్పటికే బస్సు కండక్టర్ చేతికిచ్చి పంపిన కెమెరాను ముత్యం ముందు పెట్టి, నలభై ఫోటోలు వరసగా తీశాను. పట్టేసింది. నేను చేసింది చెప్పాను. నా స్టూడియో లైట్లు రెండూ అతనికి ఇచ్చి నీ డబ్బు వెనక్కి తీసుకున్నాను. వసంత నీకు పంపుతుంది.

అక్కడి నుంచి చందుర్తిలో అనూష వాళ్లింటికి వెళ్లాం. వద్దన్నా వసంత కూడా వచ్చింది. వాకిట్లో పదిహేను మంది దాకా ఉన్నారు. ఆ కెమెరా నాదని, దాని రోగం తెలిసే అమ్మానని, పిల్ల తప్పు ఏమీ లేదని నిలబడి చెప్పాను. ఎంత గట్టిగా చెప్పానో నాకు తెలియదు. అందరూ తలలు తిప్పారు. తర్వాత చాలాసేపు వాళ్లు మాట్లాడారు. ఒకాయన లేచి చేయి ఊపాడు. ఏమన్నారో నాకు ఒక్క ముక్క వినపడలేదు. బస్సులో వసంతను అడిగి అంతా రాయించుకున్నాను. "గవ్వన్ని ఎందుకు నీకు" అన్నట్టు చూసింది. రాయమన్నాను. రెండు పక్కలా నిండింది. దేవవ్వ, "గంత వయసచ్చి, సొంత పిల్లను ముంచినవు గదయ్యా" అన్నదట. మిగతావి నీకు రాయను, అవి నావి.

ఆఖరున దేవవ్వే ఇంకొకటి అన్నదట. ఏడో తేదీన పదహారు రోజుల పండుగ. "గా పిల్లనే రమ్మనుండ్రి. మా అనూష ఇంకెవల్లతోని ఫోటో దిగనంటున్నది."

కెమెరా నువ్వే చూసుకో. నేను ఏమీ చెప్పను. ఫోన్ చేయమని వసంతతో అనలేకపోయాను, ఆ తప్పు నాదే.

మామ


సిరిసిల్ల,
10 మార్చి 2025.

మామకు సింధూజ నమస్కారం.

కెమెరా కొన్నాను. ఎక్కడ కొన్నానో, ఏ రకమో మీకు చెప్పను. కొనేముందు కొట్టు ముందు నిలబడి ఆపకుండా రెండు వందల ఫోటోలు తీశాను. కొట్టాయన చివరికి కుర్చీ వేసుకుని కూర్చున్నాడు.

పండుగకు వెళ్లాను. ఆడివిల్లకు ఇచ్చిరి అన్న పెద్దమనిషి కూడా వచ్చాడు. తన ఫోటో తీయమని అడగలేదు, తీస్తుంటే మాత్రం చొక్కా సర్దుకున్నాడు. అనూష మొదట ముభావంగానే ఉంది. భోజనాలప్పుడు వచ్చి నా పక్కన కూర్చుని, "గా మోచెయ్యి ఎవరిదో దొరికింది, మా పెద్దబాపుది" అన్నది. ఇద్దరం నవ్వాం. పుస్తె ఫోటో మాత్రం ఇక లేనట్టే. అది మీకూ నాకూ తెలిసి ఉండాలి.

వచ్చే నెల బోయినపల్లిలో ఒక పని వచ్చింది. ఇంకా ల్యాబు మానలేదు.

అమ్మ అన్నం తింటున్నది. మీకు రాయమని ఏమీ చెప్పలేదు, కానీ నేను కవరు అంటించేదాకా పక్కనే కూర్చున్నది.

ఇందులో ఒక ఫోటో పెట్టాను. దేవవ్వ కిటికీ దగ్గర కూర్చుని మనవరాలి పుస్తెలతాడుకు నల్లపూసలు గుచ్చుతున్నది. నాకు బాగుందనిపించింది. మీకు బాగాలేకపోతే బాగాలేదని రాయండి. ఈసారి నమ్ముతాను.

మీ కోడలు,
సింధూజ